సీసపు గొడుగు

విచారణ మొదలవకముందే కేసు చేజారింది. ఆ సంగతి బయటపెట్టింది లాయరు కాదు, జడ్జీ కాదు. వరండాలో ఇనప కుర్చీ అంచున కూర్చుని, ఒళ్లో చేతిసంచీ పెట్టుకుని, ఈ కేసులో ఇంతవరకూ సొంతంగా ఒక్క ముక్క మాట్లాడని లారీ డ్రైవరు భార్య.

లాయరమ్మ అప్పటికి వరండాలో పచార్లు చేస్తూ తన వాదన వల్లెవేసుకుంటోంది. ఆమె రోజూ చేసే పని ఫ్లాట్ల రిజిస్ట్రేషన్లు, అద్దె ఒప్పందాలు, గోడ నాదంటే నాదనే అన్నదమ్ముల తగువులు. శనివారాలు మాత్రం టైర్ల షాపు మీది గదికి వెళుతుంది. లేబర్ కోర్టులో జుట్టు నెరిసిన ఆమె పిన్ని రిటైరయ్యాక అక్కడ ఒక ఉచిత సహాయ కేంద్రం తెరిచింది. సొంత దేశంలో ప్రాణభయంతో పారిపోయి వచ్చి ఆశ్రయం అడిగేవాళ్లకి ఇక్కడి సర్కారు లాయర్ని ఇవ్వదు. స్తోమత లేనివాడు ట్రిబ్యునల్ ముందు ఒంటరిగా నిలబడాల్సిందే. అలాంటివాళ్ల పక్కన ఎవరో ఒకరు నిలబడి తీరాలన్నది పిన్ని పట్టుదల.

"రిజిస్ట్రేషన్లమ్మా, ఈ కేసు నీదే," అని పిన్ని ఫైలు చేతిలో పెట్టినప్పుడు లాయరమ్మ దాన్ని వెనక్కి తోసింది.

"ఇలాంటివి నాకు రావు పిన్నీ."

"గోడ కోసం ఒకరి తల ఒకరు పగలగొట్టుకునే అన్నదమ్ముల్ని రోజూ చూస్తావు. ఇక్కడ భయమేమిటే నీకు? ఫో."

ఇవాళ్టిది ఆఖరి అప్పీలు. కింది అధికారి ఇప్పటికే కొట్టేశాడు. సమ్మెలో మైకు పట్టుకుని నాలుగు కేకలు వేసిన మామూలు లారీ డ్రైవర్ని ఏ సైన్యమూ వెంటాడదు పొమ్మన్నాడు. ఇవాళ కూడా ఓడిపోతే మొగుడూ పెళ్లాల్నిద్దర్నీ విమానమెక్కించి, పారిపోయి వచ్చిన చోటికే దింపుతారు.

డ్రైవరు మంచి మాటకారి. సరిహద్దులు దాటి బండి నడిపినవాడు కాబట్టి ఇక్కడి భాష గడగడా మాట్లాడతాడు. సహాయ కేంద్రంలో వాళ్ల భాష తెలిసినవాళ్లు ఎవరూ లేకపోతే, భార్యకి కూడా అతన్నే దుబాసీగా పెట్టి వాంగ్మూలం రాసుకున్నారు. ఏది అడిగినా ఆవిడ వైపు తిరిగి రెండు ముక్కలనేవాడు, ఆవిడ ఒక ముక్క అనేది, అతను పెద్దగా నవ్వి, "మా ఆవిడా అదే అంటోంది మేడమ్!" అనేవాడు.

ఆ డ్రైవరు ఇప్పుడు వరండా చివర కాఫీ మెషీన్ దగ్గర ఎవరికో తన సమ్మె కథ చెబుతున్నాడు. అంతలో ట్రిబ్యునల్ దుబాసీ వచ్చింది. తెల్లజుట్టు, మెళ్లో వేలాడే కళ్లజోడు.

"రెండు నిముషాలు సాయం చేస్తారా అమ్మా?" అంది లాయరమ్మ. "లోపల ఏం జరుగుతుందో ఈవిడకి చెప్పండి. ప్రమాణం చేయిస్తారు. ఆ రోజు ఇంటి మీద పడ్డవాళ్లు మీ ఆయన కోసమే వచ్చారా అని అడుగుతారు. అవునంటే చాలు."

దుబాసీ చెప్పింది. డ్రైవరు భార్య సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటూ విని, నెమ్మదిగా ఏదో అంది. దుబాసీ కళ్లజోడు తీసి పెట్టుకుంది.

"అవునని చెప్పలేనంటోంది."

"ఎందుకట?"

"ప్రమాణం చేసి అబద్ధమాడలేనట. వాళ్లు వచ్చింది ఆయన కోసం కాదట. తన కోసమట."

లాయరమ్మ చేతిలో ఫైలు మూసేసింది. పక్క కుర్చీలో కూలబడింది. "మొదట్నుంచీ చెప్పమనండి."

డ్రైవరు భార్య సైనిక ఆస్పత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్. నిర్బంధ శిబిరం నుంచి కుర్రాళ్లని తెచ్చేవాళ్లు. మెట్ల మీంచి పడ్డారని కాగితం మీద రాసుండేది. మెట్ల మీంచి పడ్డవాడికి పది వేళ్లూ ఒకే వరసలో విరగవని ఆవిడకి తెలుసు. ప్రతి దెబ్బకీ రెండేసి ఫిల్ములు తీసేది, ఒకటి ఆస్పత్రికి, రెండోది తన అన్నం సంచీలోకి. చేతులు మారి ఆ ఫిల్ములు సరిహద్దు దాటాయి. ఈ నగరంలోనే ఉన్న డాక్టర్ల సంఘం వాటిని రిపోర్టుగా వేసింది. ప్రపంచమంతా చూసింది. ఖాళీ ఫిల్ములు ఆవిడ డ్యూటీలోనే ఎక్కువ ఖర్చయ్యాయని సైన్యం లెక్కగట్టింది. ఇంటి మీద పడి తలుపులు, కిటికీలు, వంటింటి గట్టు దాకా పగలగొట్టింది. అదృష్టం బాగుండి ఆ సమయంలో ఇద్దరూ ఇంట్లో లేరు.

"మా ఆయన ఇల్లు చూసి, నా కోసమే వచ్చారు, నా కోసమే అని గుండెలు బాదుకున్నాడు," అని దుబాసీ ఆవిడ మాటని వినిపించింది. "నేనూ అవునన్నాను. కారణం ఏదైతేనేం, వెంటనే బయల్దేరాలి కదా."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

దుబాసీ ఆ ప్రశ్న అడిగింది. జవాబు చిన్నదే.

"నన్నెవరడిగారు?"

లాయరమ్మ మొహం ఎర్రబడింది. ఫ్లాటు అమ్మేటప్పుడు సైతం భార్యని పక్కకి పిలిచి, ఇష్టపడే సంతకం పెడుతున్నావా అమ్మా అని అడగడం ఆమె అలవాటు. రెండు గదుల ఫ్లాటుకి ఇచ్చిన మర్యాద ఒక ప్రాణానికి ఇవ్వలేదు. మొగుణ్ణే దుబాసీగా పెట్టి పెళ్లాం మనసు తెలుసుకోవాలనుకున్నారు!

"ఆయన చెడ్డవాడు కాదు," అంది డ్రైవరు భార్య. "కానీ కడుపులో మాట దాగదు. చెబితే నలుగురికీ తెలుస్తుంది. నాలాగే ఫిల్ములిచ్చిన పిల్ల ఇంకొకతె ఆ గదిలోనే పనిచేస్తోంది. తన మీద ఇంకా ఎవరికీ అనుమానం లేదు. నా ప్రాణం దక్కించుకోవడానికి తన మెడకి ఉరి తగిలించనా?"

"తలుపులు మూయించి విచారించమని అడుగుతాను. పేర్లు బయటికి పోవు. కానీ రుజువు? మీరే తీశారని నమ్మించేది ఏదైనా ఉందా?"

ఉంది. ఫిల్ము ఎవరు తీశారో తెలియడానికి ఆ ఆస్పత్రిలో ప్రతి టెక్నీషియనూ ఒక చిన్న సీసపు గుర్తు పక్కన పెడతారు. సీసంలోంచి కిరణాలు దూరవు కాబట్టి ఆ ఆకారం ఫిల్ము మీద తెల్లగా పడుతుంది. ఎక్స్‌రే తీసేటప్పుడు ఒంటికి కట్టుకునే పాత సీసపు ఏప్రన్ ముక్క కత్తిరించి ఎవరి గుర్తు వాళ్లు చేసుకునేవాళ్లు. రిపోర్టు వేసిన డాక్టర్లు జాగ్రత్తపరులు. తీసినవాళ్లెవరో తెలియకుండా ప్రతి ఫిల్ము మీదా ఆ గుర్తుని నల్ల టేపుతో కప్పేసి అచ్చువేశారు.

"పేపర్లో ఆ నల్ల టేపు చూసిన రోజు నాకు నిద్రపట్టింది," అందావిడ.

లాయరమ్మ ఒక్క ఉదుటున లేచి ఫోన్ తీసింది.

"పిన్నీ, కొంప మునిగింది!"

"మునిగితే ఈదాలి. చెప్పు."

చెప్పింది. పిన్ని తిట్టలేదు, నిట్టూర్చలేదు. "టైర్ల షాపాయన వ్యాను కిందే ఉంది. డాక్టర్ల సంఘానికి నేను వెళతాను. ఫిల్ములొచ్చేదాకా జడ్జిని కదలనీకు," అని పెట్టేసింది.

డ్రైవరు కాగితం కప్పులు ఒడుపుగా పట్టుకుని వచ్చాడు. భార్య అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ల భాషలో చెప్పడం మొదలెట్టింది. లాయరమ్మకి ఒక్క మాటా తెలియలేదు గానీ అతని మొహం చదవడానికి భాష అక్కర్లేకపోయింది. ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆగింది. తర్వాత ఒక కప్పు వంగి చొక్కా మీద ఒలికింది.

"మేడమ్!" అన్నాడు లాయరమ్మ వైపు తిరిగి. "అడుగు పెట్టిన ప్రతిచోటా నేను మైకు పట్టుకున్నందుకే తరిమారని చెప్పుకు తిరిగాను. ఈవిడ పక్కన కూర్చుని తలూపింది!"

భార్య ఏదో అంది. దుబాసీ నవ్వాపుకుంటూ చెప్పింది. "మీరు అంత సంబరంగా చెబుతుంటే కాదనడానికి నోరు రాలేదట."

"డ్రైవరుగారూ," అంది లాయరమ్మ. "రెండు దార్లున్నాయి. పాత కథతో లోపలికెళితే ఆవిడ అబద్ధమాడాలి, అయినా ఓడిపోతాం. నిజంతో వెళితే మీ కేసు మీ చేత్తోనే మీరు చంపుకోవాలి. ఆవిడది నిలబడితే ఇద్దరూ గట్టెక్కుతారు. నిలబడకపోతే మీకు వెనక్కి తిరిగి పట్టుకోవడానికి ఏమీ ఉండదు."

డ్రైవరు చొక్కా మీది మరకని చేత్తో తుడుచుకున్నాడు. తర్వాత మిగిలిన కప్పు భార్య చేతికిచ్చాడు.

"తాగు. చల్లారిపోతుంది," అన్నాడు.

లోపల గది చిన్నది. ఒక పక్క పొడుగాటి కిటికీ, ఎదురుగా జడ్జి బల్ల, ఎడంవైపు సర్కారు లాయరు. ఎదుటివాడి కథని ముక్కలుముక్కలుగా కత్తిరించి వాడి ముందే పోగులు పెట్టడంలో ఆరితేరినవాడు కాబట్టి పిన్ని అతనికి కత్తెర అని పేరు పెట్టింది. లాయరమ్మ తలుపులు మూయించమని అడిగింది. జడ్జి సరేనన్నాడు. ఆమె కేసు మొత్తం తిరగేసి చెప్పింది.

కత్తెర తాపీగా లేచాడు. "అయ్యా, నిన్నటిదాకా భర్త వీరుడు. ఇవాళ పొద్దున్నించీ భార్య వీరనారి. మధ్యాహ్నానికి అత్తగారు దిగుతారేమో!"

జడ్జి నవ్వలేదు. డ్రైవరు వైపు తిరిగాడు. "ఈ సంగతి మీకు ఎప్పుడు తెలిసింది?"

"ఇప్పుడే సార్, వరండాలో. కాఫీ పట్టుకొస్తుంటే. సగం చొక్కా మీదే పడింది, చూడండి." తడి మరక పట్టి చూపించాడు. "కాపురం చేస్తున్నవాణ్ణి, కట్టుకున్నదాని పక్కన పడుకునేవాణ్ణి, నాకే తెలీదు సార్!"

కత్తెర దగ్గరికొచ్చాడు. "అయితే మీ కోసం ఎవరూ రాలేదని ఒప్పుకుంటున్నట్టేగా?"

డ్రైవరు తన భార్య వైపు చూశాడు. ఇన్నాళ్లూ అతన్ని నిటారుగా నిలబెట్టింది ఆ ఒక్క కథే. లాయరమ్మ కళ్లు దించుకుంది.

"ఒప్పుకుంటున్నాను," అన్నాడు. "నిజం చెప్పాలంటే నా కేకలు వినడానికి మా యూనియన్ వాళ్లే నిలబడేవాళ్లు కాదు. సైన్యం ఎక్కడ వింటుంది?"

తర్వాత భార్య సాక్ష్యం. ఆస్పత్రి, గది, మిషను, కుర్రాళ్ల వేళ్లు అన్నీ చెప్పింది. ఏడవలేదు, గొంతు పెంచలేదు.

"రిపోర్టు లైబ్రరీలో ఉంది," అన్నాడు కత్తెర. "చదివిన ఎవరైనా ఈ మాత్రం అప్పజెపుతారు."

లాయరమ్మ ఎదురుచూస్తున్నది ఆ మాట కోసమే. "సరిగ్గా చెప్పారు. అందుకే రిపోర్టులో లేనిది అడుగుదాం. ప్రతి ఫిల్ము మీదా తీసినవాళ్ల గుర్తు ఉంది. దాన్ని నల్ల టేపుతో కప్పేశారు. కింద ఏముందో చదివినవాళ్లకి తెలీదు, నాకు తెలీదు, మీకూ తెలీదు. ఈవిడకి తెలుసు. అసలు ఫిల్ములు ఈ నగరంలోనే ఉన్నాయి. ముందు ఈవిడ గుర్తు గీస్తుంది. తర్వాత మీరే టేపు తియ్యండి."

జడ్జి తెల్లకాగితం జరిపాడు. డ్రైవరు భార్య వంగి, ఎవరికీ కనబడకుండా చెయ్యి అడ్డుపెట్టి గీసి, మడిచి ఇచ్చింది. ఆయన దాన్ని కవర్లో పెట్టి అంటించాడు.

"భోజనాల తర్వాత కూర్చుంటాం. అప్పటికి ఫిల్ములు నా బల్ల మీద లేకపోతే, ఉన్నదాన్నిబట్టే తీర్పు."

వరండాలోకి వచ్చారో లేదో ఫోన్ మోగింది.

"మొండిఘటమే ఈ సంఘం పెద్ద, ఎముకల డాక్టరు!" పిన్ని గొంతులో ఆయాసం. "ఇవ్వనంటున్నాడు. గుమ్మంలో నిలబడి వాదిస్తున్నా, మంచినీళ్లిస్తున్నాడు గానీ ఫిల్ములివ్వడంలేదు."

"ఫోన్ ఆయనకివ్వు."

అవతల ముసలి గొంతు. "టేపు తియ్యనని ఫిల్ములు తెచ్చినవాళ్లకి మాటిచ్చానమ్మా. ఫిల్ములు తీసినవాళ్ల మొహం కూడా నేను చూడలేదు. అయినా మాట మాటే."

"ఆ మొహం నా ఎదురుగా ఉంది డాక్టరుగారూ. మీరు ఎవర్ని కాపాడ్డానికి టేపు వేశారో ఆవిడే తియ్యమంటోంది. తియ్యకపోతే ఇవాళే ఆవిణ్ణి వాళ్ల చేతికి అప్పజెబుతారు."

"ఆవిడే ఆవిడని నమ్మకమేమిటి?"

"తేలాల్సింది అదే కదండీ! ఫిల్ములు మీ చేతుల్లోంచి వదలొద్దు. మీరే పట్టుకు రండి. ఒక్క మాట తేడా వచ్చినా పట్టుకుని వెళ్లిపోండి."

లైను తెగిపోయింది. మళ్లీ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

భోజనాల సమయం అయిపోయింది. అందరూ లోపలికొచ్చి కూర్చున్నారు. లాయరమ్మ తెలిసిన సెక్షన్లన్నీ చదివింది, తెలియనివి రెండోసారి చదివింది. కత్తెర కుర్చీలో వెనక్కి వాలి పెన్సిలు తిప్పుకుంటున్నాడు. జడ్జి పెన్ను మూత తీశాడు. తీర్పు రాసేముందు ఆయనకది అలవాటు.

అప్పుడు తలుపు మీద దబదబా బాదారు.

ముందు పిన్ని వచ్చింది. చీర కుచ్చెళ్ల మీద టైరు మసి, కొప్పు ఒక పక్కకి జారింది. వెనక గుండెకి అట్టపెట్టె హత్తుకుని సన్నటి ముసలాయన. "టైర్ల మధ్య కూర్చుని వచ్చామయ్యా," అంది పిన్ని జడ్జితో, క్షమాపణకి బదులు.

ఎముకల డాక్టరు పెట్టె బల్ల మీద పెట్టాడు గానీ చెయ్యి తియ్యలేదు. పైనున్న ఫిల్ము తీసి జడ్జికి అందించాడు. జడ్జి కిటికీ దగ్గరికి నడిచాడు. విరిగిన చెయ్యి వెలుతురులో తెల్లగా మెరిసింది. ఆయన గోటితో నల్ల టేపు అంచు లేపి నెమ్మదిగా లాగాడు. కవరు చించి కాగితం చూశాడు. మళ్లీ ఫిల్ము చూశాడు.

"ఇక్కడున్నది చేప," అన్నాడు. "ఈవిడ గీసింది గొడుగు."

లాయరమ్మ డ్రైవరు భార్య వైపు తిరిగింది. కత్తెర పెన్సిలు బల్ల మీద పెట్టి, రెండు చేతులూ దగ్గరికి చేర్చాడు. అయిపోయిందన్నమాట.

కానీ డ్రైవరు భార్య లేచి నిలబడింది. ఇంతసేపూ వినబడని గొంతు ఇప్పుడు గదంతా వినబడింది. దుబాసీ ఆవిడ వేగాన్ని అందుకోలేక తడబడింది.

"ముందు... ముందు ఆ టేపు మళ్లీ అంటించమంటోంది. అది తనది కాదట. ఆ పిల్ల ఇంకా అక్కడే పనిచేస్తోందట. దయచేసి ఎవరూ చూడొద్దంటోంది. చేప సంగతి ఎక్కడా రాయొద్దట. తన కేసు పోయినా ఫర్వాలేదు, ముందు అది కప్పెయ్యండి అంటోంది."

కిటికీ దగ్గర జడ్జి ఫిల్ముని దించాడు. తర్వాత టేపుని జాగ్రత్తగా యథాస్థానంలో పెట్టి, బొటనవేలితో గట్టిగా నొక్కాడు. ఒకసారి చాలదన్నట్టు మళ్లీ నొక్కాడు. ఎముకల డాక్టరు పెట్టె మీంచి చెయ్యి తీసేశాడు.

"అడగండి," అన్నాడు డాక్టరు దుబాసీతో. "ఈవిడవి ఏవో ఈవిణ్ణే తియ్యమనండి."

టెక్నీషియన్ బల్ల దగ్గరికొచ్చింది. ఫిల్ములు వెలుతురుకి ఎత్తి ఒక్కోటీ చూసింది. ఎముకలకేసి కాదు, టేపు ఎక్కడుందోనని. "ఆ పిల్ల గుర్తు ఎప్పుడూ పైన పెట్టేది. నేను మణికట్టు కింద పెట్టేదాన్ని. వేళ్లకి అడ్డం రాకూడదని." ఇది కాదు, ఇది కాదు, ఇది. ఒకటి విడిగా పెట్టింది. ఇంకోటి. ఇంకోటి. అవి విడిగా చిన్న దొంతరయ్యాయి.

"మరో మాట," అంది. "గొడుగు కుడి అంచు కాస్త తెగి ఉంటుంది. మంచి ఆకారాలన్నీ మిగతావాళ్లు తీసేసుకున్నారు. నాకు మిగిలింది గొడుగు, అదీ సరిగా కత్తిరించడం రాలేదు."

జడ్జి కత్తెర వైపు చూశాడు. "మీరే తియ్యండి."

కత్తెర లేచి కిటికీ దగ్గరికి నడిచాడు. ఆవిడ విడిగా పెట్టిన మొదటి ఫిల్ము ఎత్తి, మణికట్టు కింద టేపు లాగాడు. చిన్న తెల్ల గొడుగు. కుడి అంచు తెగి ఉంది. రెండోది లాగాడు. గొడుగు. మూడోదాని మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. విరిగిన ఆ పది వేళ్లనీ వరసగా చూశాడు. టేపు తియ్యకుండానే ఫిల్ముని కిందపెట్టాడు.

"ప్రభుత్వానికి అభ్యంతరం లేదు," అన్నాడు. ఆ మాట కత్తిరించినట్టు లేదు, మామూలు మనిషి అన్నట్టే ఉంది.

డ్రైవరు ఎగిరి గంతేశాడు. "నా పెళ్లామండీ! చూశారా సార్, నా పెళ్లాం!"

"కూర్చోండి," అన్నాడు జడ్జి. కోప్పడలేదు. "పూర్తి తీర్పు తర్వాత వస్తుంది. ఇవాళ చెప్పేది ఇంతే. ఈవిడకి ఆశ్రయం మంజూరు చేస్తున్నాను. భార్య మీద ఆధారపడినవాడిగా భర్తకీ అదే వర్తిస్తుంది."

"ఆధారపడినవాణ్ణా?" డ్రైవరు లాయరమ్మ చెవిలో గొణిగాడు.

"కాదంటారా?" అంది లాయరమ్మ. నవ్వుతోంది, కళ్లలో నీళ్లు ఆగడంలేదు.

అతను భార్యని ఎగాదిగా చూశాడు. "అవుననే రాయమనండి. పెద్దక్షరాల్లో."

ఎముకల డాక్టరు టెక్నీషియన్ ముందుకొచ్చి రెండు చేతులూ జోడించాడు. తల ఊపాడు. ఆవిడా తలూపింది. పిన్ని కొప్పు సరిచేసుకుంటూ లాయరమ్మ పక్కకి చేరింది.

"బయట ఇంకా ఇద్దరు ఆడవాళ్లున్నారే, లాయరు లేకుండా. మొగుళ్లతో కూర్చున్నారు."

"మొగుళ్లని కాఫీకి పంపించు పిన్నీ," అంది లాయరమ్మ. "నేను వస్తున్నా."

జడ్జి లేవబోతుంటే టెక్నీషియన్ ఒక ప్రశ్న అడిగింది. దుబాసీ జడ్జి వైపు తిరిగి చెప్పింది.

"ఇక్కడి ఆస్పత్రుల్లో ఎక్స్‌రే గదుల్లో పని చేసుకోవచ్చా అని అడుగుతోంది."

"చేసుకోవచ్చనండి," అన్నాడు జడ్జి. "ఇవాళ్టినుంచి మిమ్మల్ని ఆపేవాళ్లు ఎవరూ లేరని చెప్పండి."

ఆ మాట వాళ్ల భాషలోకి మారేదాకా ఆవిడ ఊపిరి బిగబట్టి వింది. తర్వాత సంచీ భుజానికి తగిలించుకుంది. గుమాస్తా తలుపులు బార్లా తెరిచాడు. వరండాలోంచి పడుతున్న ఎండలోకి ఆవిడ ముందు నడిచింది.